చెప్పని ప్రార్థన

మా కొండల్లో మనిషి వేళకు ఇల్లు చేరకపోతే వెతకడానికి మూడే చోట్లు: ఆసుపత్రి, మాజీ పెళ్లాం ఇల్లు, జైలు. మా అమ్మకు మాజీ పెళ్లాం ఉండే వీల్లేదు కనుక ఆ శుక్రవారం సాయంత్రం ముందు ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఓనా ప్రేటర్ అనే పేరుతో ఎవరూ చేరలేదన్నారు. ఇక మిగిలింది ఒకటే. కానీ మా ఇంట్లో ఆ మాట పైకి అనడం కూడా అలవాటు లేదు.

అది ఆగస్టు చివర. పొగాకు పచ్చదనం తగ్గి పసుపు తిరుగుతోంది. అమ్మ పొద్దున్నే జుట్టు సెట్ చేయించుకోవడానికి, దారిలో మందుల షాపుకు వెళ్లి రావడానికి టౌనుకు బయల్దేరింది. తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి నెలకోసారి నొప్పి మాత్రలు తెచ్చుకుంటుంది. మధ్యాహ్నానికల్లా రావలసిన మనిషి పొద్దు వాలినా రాలేదు. పొయ్యి మీద చిక్కుడు గింజలు చల్లారిపోయాయి. మా నాన్న డెల్బర్ట్ బల్ల దగ్గర ఫోర్కు పట్టుకుని, వడ్డించే మనిషి కోసం గోడను చూస్తూ కూర్చున్నాడు.

“దారిలో ఎవరో తగిలుంటారు. మీ అమ్మకి మాట దొరికితే కూడూ నీళ్లూ అక్కర్లేదు గదా,” అన్నాడు.

నేను పక్కనే ట్రెయిలర్ ఇంట్లో ఉంటాను కనుక రెండిళ్ల తిండీ, రెండిళ్ల గొడవా నావే. వరండాలోకి వెళ్లి, నాన్న చూడకుండా ఫోన్‌లో మా కౌంటీ పోలీసుల పెద్ద షెరిఫ్ పేజీ తెరిచాను. అందులో జైలు జాబితా ఉంటుంది. మా వాళ్లలో సగం మంది పొద్దున కాఫీతో పాటు వాతావరణం కంటే ముందు చూసేది దాన్నే. నేనూ చూసేదాన్ని, నాతో చదువుకున్న వాళ్లలో ఈ వారం ఎవరు లోపలికెళ్లారా అని. ప్రేటర్ అని కొడితే ఇద్దరు వచ్చారు. ఇద్దరూ మగవాళ్లు, దూరపు చుట్టాలు, వాళ్లక్కడ ఉండడం వింతేమీ కాదు. అమ్మ లేదు. లోపలికొచ్చి, అమ్మ జైల్లో కూడా లేదని నాన్నతో సరదాగా అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ మాట ఈ ఇంట్లో అనకు అన్నాడు.

అప్పుడే వాండా ఫోన్ చేసింది. వాండా మా వాగుకు దిగువనున్న ఇంటావిడ. చర్చిలో మా వెనక బెంచీ ఆమెదే. మొగుడు పోయాడు, ఒక్కడే కొడుకు డస్టిన్. వాడికి మాత్రల పిచ్చి పట్టి, జైలుకీ ఇంటికీ మధ్య తిరుగుతుండేవాడు. నాకంటే చిన్నవాడు. ఏటా మా పొగాకు కోతకు వచ్చే కుర్రాళ్లలో వాడూ ఒకడు.

“మీ అమ్మ ఇల్లు చేరలేదు గదా,” అంది వాండా. అడిగినట్టు కాదు, చెప్పినట్టు అంది. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

మా కౌంటీలో చూశాను, లేదు అన్నాను.

“అక్కడెందుకుంటుంది? ఆడవాళ్లని పెట్టే గదులు మూసేసి ఎన్నాళ్లయింది! అందర్నీ పక్క కౌంటీకే పంపుతున్నారు. వాళ్ల పేజీ వేరే ఉంటుంది, అది తియ్యి. ఇంటిపేరులో మొదటి మూడక్షరాలు కొట్టు, చాలు. పుట్టిన తేదీ గట్రా అడిగితే వదిలెయ్. పేరు రాకపోతే కాస్త ఆగి మళ్లీ చూడు. వేలిముద్రలు తీసుకున్నాకే ఎక్కిస్తారు.”

తలెత్తుకు తిరిగే ఇళ్లకు ఇవేమీ తెలియవు. తెలియవలసిన అవసరం రాలేదని మాకు లోపల కాస్త గర్వం కూడా. ఆమె చెప్పినట్టే కొట్టాను. పేజీ మెల్లగా దిగింది. ముందు నుదురు, తర్వాత కళ్లు, తర్వాత మా అమ్మ.

“దొరికిందా?” అంది వాండా.

“దొరికింది.”

“హమ్మయ్య. ఇక వెళ్లి భోంచెయ్యి.”

ఎత్తిపొడుస్తోందనుకున్నాను. నా పిల్లాడి గురించి ఇన్నాళ్లూ చెవులు కొరుక్కున్నారు గదా, ఇప్పుడు మీ వంతు అన్నట్టు వినిపించింది. ఫోన్ పెట్టేశాను.

ఫోటోలో అమ్మకు కళ్లజోడు లేదు. మెడ దగ్గర చారల చొక్కా అంచు కనిపిస్తోంది. జుట్టు మాత్రం అప్పుడే సెట్ చేయించుకుంది కాబట్టి ఒక్క ఉంగరం కూడా చెదరలేదు. ఈస్టర్ ఆదివారం కూడా అంత బాగా కుదరలేదు ఆమె జుట్టు. కింద రాసి ఉంది: మత్తు మాత్రల అమ్మకం.

నాన్నకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, దగ్గరగా చూసి, దూరంగా పెట్టి చూసి, ఫోన్ నా చేతికిచ్చేశాడు.

“ఈవిడెవరో. మీ అమ్మ కళ్లజోడు లేకుండా ఉండదు,” అన్నాడు.

చల్లారిన గింజలు గిన్నెలో తనే వడ్డించుకుని, ఒక్క గింజ మిగలకుండా తిన్నాడు. టోపీ పెట్టుకుని పొగాకు చూడటానికి పొలంలోకి వెళ్లిపోయాడు.

జామీను మీద తీసుకురావాలంటే పొలం కాగితాలు పెట్టాలన్నారు. అమ్మే వద్దని కబురు చేసింది. పొలం పోతే మళ్లీ రాదు, నేను ఎప్పటికైనా వస్తాను అందట. నాన్న ఆ మాట విని తల ఊపాడు. చూడటానికి వెళ్దాం రమ్మంటే, చెప్పుల్లో రాయి పడ్డట్టు మొహం పెట్టి, చేలో పని ఉందన్నాడు.

మా వైపు పెట్రోలు బంకుల్లో మంగళవారం మంగళవారం ఒక పేపరు వస్తుంది. అసలు పేరు ఏదో ఉంది గానీ జైలు పేపరు అనే అందరూ అంటారు. చుట్టుపక్కల కౌంటీల్లో ఆ వారం లోపలికెళ్లిన వాళ్లందరి ఫోటోలూ వరసగా వేస్తారు. ఇంటర్నెట్ సరిగా రాని లోయల్లో జైలు జాబితా అంటే అదే. ఆ మంగళవారం నేను బడి వంటింట్లో పని ముగించుకుని బంకులో ఆగితే, అద్దం పెట్టె వెనక పిల్ల నన్ను చూసి నవ్వింది.

“మీ నాన్న పొద్దున్నే వచ్చి కట్టంతా పట్టుకుపోయారక్కా. పై బంకులో కూడా అలాగే కొనేశారట. మొక్కలు నాటడానికా, మరుగుదొడ్డిలోకా?”

నాన్న విత్తనాల కొట్టు దాటి ట్రక్కు నడిపి ఎరగడు. అలాంటి మనిషి ఆ ఒక్క ఉదయం కౌంటీలో ఉన్న బంకులన్నీ తిరిగి, కనిపించిన పేపరల్లా కొనేశాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. మధ్యాహ్నానికల్లా అందరికీ ఒకటే అనుమానం, డెల్బర్ట్ ప్రేటర్ దాచేంత గొప్ప వార్త ఈ వారం పేపర్లో ఏముందని. ఎప్పుడూ ఆ పేపరు ముట్టని వాళ్లు కూడా నది అవతల కౌంటీ నుంచి తెప్పించుకున్నారు. చీకటి పడేలోపు అమ్మ పేజీని ఎవరో ఫోటో తీసి ఊరందరి ఫోన్లకూ పంపేశారు. అది నా ఫోన్‌కీ వచ్చింది. ఆయన ఊరికే ఉండి ఉంటే సగం మందికి తెలిసేది కాదు.

ఆయన ట్రక్కు కొట్టం వెనక ఆపి, కట్టలు నేలమాళిగలోకి మోస్తుంటే నేను కిటికీలోంచి చూశాను. వెళ్లి సాయం చేయలేదు. ఇన్ని బంకులు తిరగడానికి ఓపిక ఉంది, అమ్మను చూడటానికి లేదా అని అడగాలనిపించింది. అదీ అడగలేదు. నాకూ సిగ్గుగానే ఉంది. బడిలో పిల్లలు పళ్లెం పట్టుకుని నిలబడితే, వాళ్ల కళ్లు నా మొహంలో అమ్మ మొహాన్ని వెతుకుతున్నాయనిపించేది.

బుధవారం ప్రార్థనకు వెళ్లాం. మానేస్తే ఒప్పుకున్నట్టే అవుతుందని నాన్న లెక్క. మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పండని మా పాస్టరు బ్రదర్ క్లైడ్ అడుగుతాడు. ఒకరు మోకాలు నొప్పంటారు, ఒకరు మనవడి ఉద్యోగం అంటారు. పైకి చెప్పుకోలేనిది ఏదైనా ఉంటే, చెయ్యెత్తి “చెప్పనిది” అంటే చాలు. అదేమిటని ఎవరూ అడగకూడదు. దేవుడికి తెలుసు గనక ఊరికి తెలియనక్కర్లేదని ఆ పద్ధతి పెట్టారు. ఊరికి దేవుడికంటే ముందే తెలుస్తుందని మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు.

నాన్న చెయ్యెత్తాడు.

“చెప్పనిది,” అన్నాడు.

చర్చి మొత్తం తల వంచింది. ఒక్క దగ్గు కూడా వినపడలేదు. ప్రతి ఒక్కరి మనసులో మా అమ్మ జుట్టు ఉంగరాలే ఉన్నాయని నాకు తెలుసు. మా వెనక బెంచీలోంచి వాండా గొంతు వినిపించింది.

“నాదీ చెప్పనిదే.”

వచ్చే వారం నుంచి ఇంకో బెంచీలో కూర్చుందామని అక్కడే అనుకున్నాను. నిజంగానే మారాను కూడా.

అమ్మను చూడటమంటే ఎదురుగా కూర్చోవడం కాదు. జైలు ముందు గదిలో గోడకు తెరలుంటాయి. ఇటు మనం ఫోన్ చెవిన పెట్టుకుని, అటు లోపల వాళ్లు. ఒకే కట్టడంలో ఉండి కూడా టీవీలో చూసుకోవాలి. అమ్మ జుట్టు ఉంగరాలు అప్పటికి విడిపోయాయి. ఒక తుంటి మీద బరువు ఆనకుండా పక్కకు ఒరిగి కూర్చుంది. కుశల ప్రశ్నలేమీ లేవు.

“పొగాకు నరుకుతున్నారా? ఎవరొచ్చారు?” అంది.

ఇంకా ఎవరూ రాలేదని, శనివారం కుర్రాళ్లు వస్తారని నాన్న ధీమాగా ఉన్నాడని చెప్పాను. మా నాన్నకు పొగాకు కంటే ఆ కుర్రాళ్ల గురించి చెప్పుకోవడమే ఇష్టం. ఏ చేలోనూ కూలికి మనిషి దొరకని రోజుల్లో ఏటా మా చేలోకి మాత్రం పిలవకుండానే వచ్చేవాళ్లు. మొక్కలు మొదలంటా నరికి, కర్రలకు గుచ్చి, కొట్టంలో దూలాలకు వేలాడదీసేదాకా ఉండేవాళ్లు. కుర్రాళ్లకి గౌరవమిస్తే వాళ్లూ గౌరవిస్తారని, పని నేర్పే పెద్ద మనిషి కోసం వాళ్లు మొహం వాచి ఉన్నారని ఆయన చర్చి మెట్ల మీద నిలబడి పాఠం చెప్పేవాడు.

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

“మీ నాన్న మొహం చూసి వచ్చేవాళ్లెవరే ఈ రోజుల్లో? నాకిచ్చిన మాత్రలుంటాయి గదా. నేను మింగింది తక్కువ. కోతకని దాచేదాన్ని. కూలి ఆయనిచ్చేవాడు, పైన నేనిచ్చేదాన్ని.”

ఆపరేషన్ అయ్యాక అమ్మ మెట్లెక్కుతూ పళ్లు బిగించడం, ఆ మాత్రలు నాకు పడవులే అనడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ నొప్పి పడింది ఇందుకా?

“ఆయన నడుం వంగదు. పొలం అమ్మేయమంటే ఆయన బతకడు. వాళ్లెలాగూ ఎక్కడో ఒకచోట కొంటారు గదా, నేనిస్తే కనీసం మంచి మందు అనుకున్నా,” అంది అమ్మ. “అలా అనుకోవడమే నా పాపం. డస్టిన్ గాడు మొదట మన చేలోకి వచ్చినప్పుడు వాడికి ఆ అలవాటే లేదు. మొదటి మాత్ర నా చేత్తోనే ఇచ్చా. భుజం నొప్పి అన్నాడు.”

వాడి ప్యాంటు ఉతకబోతూ వాండా జేబులో సీసా చూసిందట. దాని మీద అమ్మ పేరుంది. వాండా దాన్ని నేరుగా షెరిఫ్ దగ్గరికి పట్టుకెళ్లింది. ఆ తర్వాత షెరిఫ్ మనుషులు ఒకడిని కొనడానికి పంపి, మందుల షాపు బయటే అమ్మను పట్టుకున్నారు.

వాండాను నాలుగు తిట్టబోయాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“నోర్ముయ్యవే. ఆవిడ స్థానంలో నేనుంటే షెరిఫ్ దగ్గరికి పోను, తుపాకీ పట్టుకుని మనింటికే వచ్చేదాన్ని. మీ నాన్నకి మాత్రం చెప్పకు. కుర్రాళ్లు తన కోసం వచ్చారనే ఉండనీ.” మళ్లీ తనే అడిగింది, “ఆయనెందుకు రాలేదు?”

సిగ్గుపడుతున్నాడన్నాను.

“నేను పడాల్సిన సిగ్గు కూడా ఆయనే పడితే ఇక నాకేం మిగిలిందే?” అంది. తెర ఆరిపోయింది.

శనివారం నాన్న తెల్లారకముందే లేచి కత్తులకు పదును పెట్టాడు. అమ్మ చేసినట్టే చెయ్యి, పనివాళ్లు తినేది గట్టిగా ఉండాలి అన్నాడు. ఎవరూ రారని నాకు తెలుసు. తెలిసీ, పెద్ద పళ్లెం నిండా శాండ్‌విచ్‌లు చేశాను. జాడీ నిండా తీపి టీ కలిపాను. కంచె పక్కన బల్ల వేసి, గుడ్డ కప్పి పెట్టాను. నిజం చెప్పడం కంటే రొట్టెలకు వెన్న రాయడం సులువనిపించింది.

నాన్న కంచె దగ్గర నిలబడ్డాడు. రోడ్డు మీద ఏదైనా కారు వస్తే నిటారుగా అయ్యేవాడు, అది దాటిపోతే మళ్లీ కత్తి అంచు చూసుకునేవాడు. పొద్దు నెత్తికెక్కింది. ఆ కుర్రాళ్లలో ఒకడు, ఏటా అందరికంటే ముందొచ్చేవాడు, పాత కారులో మెల్లగా వెళ్తూ మావైపు చూశాడు. నాన్న చెయ్యి ఊపాడు. వాడు ఆపలేదు. మా ఇంటి తలుపు వైపు, అమ్మ నిలబడే చోటు వైపు, ఒకసారి చూసి వేగం పెంచాడు.

నాన్న ఆ చెయ్యి దించడం మరిచిపోయి అలాగే ఉన్నాడు. తర్వాత బల్ల మీద గుడ్డ తీసి శాండ్‌విచ్‌ల పళ్లెం చూశాడు. చాలాసేపు చూశాడు.

“నీకు తెలుసా?” అన్నాడు.

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“మొన్న అమ్మ చెప్పింది.”

గుడ్డ మళ్లీ కప్పి, అంచులు సరిచేసి, కత్తి తీసుకుని చేలోకి దిగాడు. ఒక మొక్క నరికి, నడుం పట్టుకుని నిలబడి, ఇంకో మొక్క నరికాడు. నేనూ దిగాను. ఆ రోజు నుంచి బడి వదలగానే నేను, తెల్లారింది మొదలు ఆయన, ఇద్దరమే. చేయగలిగినంత చేశాం. వాగు పక్కనున్న పొలం ముక్క మొత్తం నిలబడే ఎండిపోయింది. ఆయన మాట్లాడింది తక్కువ. కుర్రాళ్ల పాఠం మళ్లీ ఎన్నడూ చెప్పలేదు. బుధవారం మాత్రం చెయ్యెత్తి “చెప్పనిది” అనేవాడు. గొంతు వారం వారానికీ సన్నగిల్లింది.

అక్టోబరులో అమ్మ జడ్జి ముందు తప్పు ఒప్పుకుంది. వయసూ తుంటీ చూసి, ఇక నెలనెలా వచ్చి కనపడమని, మళ్లీ ఇలాంటిది చేస్తే ఊరుకోనని వదిలేశాడు. తీసుకురావడానికి వెళ్దాం రమ్మంటే నాన్న కొట్టంలో నిచ్చెన మీద ఉన్నాడు. దిగలేదు. నువ్వెళ్లిరా అన్నాడు. దారి పొడుగునా అమ్మ ముందు సీటులో కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆయన ఎక్కడని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పాలా అని నేను చస్తున్నాను.

ఇంటికి రాగానే రేడియోలో చెప్పారు, తెల్లవారేసరికి మంచు పడుతుందని. అమ్మ కోటు కూడా విప్పకుండా బుట్టల కోసం నేలమాళిగలోకి దిగింది. మంచు పడేలోపు చెట్ల మీద ఉన్న పచ్చి టొమాటోలన్నీ కోసి, ఒక్కో కాయకూ పాత పేపరు చుట్టి చీకట్లో పెడితే క్రిస్మస్ దాకా పండుతూ ఉంటాయి. ఏటా చేసేదే. కిందనుంచి చాలాసేపు చప్పుడు లేదు. పడిపోయిందేమోనని నేనూ దిగాను.

గోడ పొడుగునా కట్టలు, తాడు కూడా విప్పని జైలు పేపర్లు. అమ్మ ఒకటి తీసి, తన పేజీ తిప్పి చూస్తోంది. నా వెనకే నాన్న అడుగు వినిపించింది. నిచ్చెన దిగి వచ్చి, మెట్ల మీద ఆగిపోయాడు. నలభై ఏళ్ల కాపురం తర్వాత ఆ ఇద్దరూ అలా కొత్తవాళ్లలా నిలబడటం నేను చూడలేకపోయాను.

“ఇవన్నీ ఏంటి డెల్బర్ట్?” అంది అమ్మ.

“ఎవరూ చూడకూడదని.”

“అందరూ చూశారట గదా.”

ఆయన నేల చూశాడు. అమ్మ పేపరు దీపం దగ్గరగా పట్టుకుంది.

“జుట్టు మాత్రం భలే కుదిరింది,” అని, ఆ కట్ట చంకన పెట్టుకుని మెట్లెక్కింది.

మా దగ్గర మంచు కోపం కంటే పెద్దది. ముగ్గురం తలో వరసా పట్టుకుని కాయలు కోశాం. తర్వాత అమ్మ వంటింట్లో కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది. ప్రతి పేపర్లోంచీ తన పేజీ ఒక్కటే చింపి, బొమ్మ పైకి వచ్చేలా కాయకు చుట్టింది. మిగతా పేజీలు పొయ్యిలో వేసింది. వాళ్ల మొహాలతో మనకేం పని, వాళ్లకీ ఇంట్లో ఎవరో ఉంటారు గదా అంది. నాన్న కాసేపు చూసి, వాటితో వద్దు ఓనా అన్నాడు.

“ఏటా పేపర్లతోనే గదా చుట్టేది. ఈసారి నువ్వు తెచ్చిపెట్టావు. వద్దంటే ఎలా?”

పొద్దున్నే అట్టపెట్టెలు ట్రక్కులో పెట్టించింది. చర్చిలో ప్రతి ఇంటికీ ఒక సంచీడు ఇవ్వడం ఆమె అలవాటు. ఈ ఏడు కూడా ఇస్తానంది. ముందు వాండా ఇల్లు అంది. నాన్న ఒక్కసారిగా బ్రేకు మీద కాలు వేశాడు, ఇంకా బండి కదలకుండానే. నడుపుతాను గానీ దిగనన్నాడు. సరే అంది అమ్మ.

వాండా తలుపు తీసింది. చిక్కిపోయింది. మేమిద్దరం, అమ్మ చేతిలో సంచీ, సంచీ నిండా అమ్మ మొహాలు. వాండా వాటిని చూసింది, తర్వాత అసలు మొహాన్ని చూసింది. ఏదో ఒకటి తిట్టేస్తే బాగుండుననిపించింది నాకు.

“పచ్చివి. చీకట్లో పెట్టు, పండుతాయి,” అంది అమ్మ. “డస్టిన్ ఎలా ఉన్నాడు వాండా?”

“నిన్ను పట్టుకెళ్లిన వారమే ఇల్లొదిలి వెళ్లిపోయాడు. ఇంతవరకు ఫోన్ లేదు.” వాండా సంచీ అందుకోలేదు. నా వైపు తిరిగింది. “రోజూ పొద్దున్నే జాబితాలు చూస్తా. వాడి పేరుంటే ఆ పూట ముద్ద దిగుతుంది. ఉన్నాడంటే బతికున్నట్టు గదా. ఇవాళ చూడటానికి చెయ్యాడలేదు. నువ్వు చూడవే టోన్యా.”

వంటింట్లో నిలబడే ఫోన్ తీశాను. ఆమె నేర్పినట్టే ఇంటిపేరు మొదటి మూడక్షరాలు కొట్టాను. మా కౌంటీలో లేడు. పక్క కౌంటీలో లేడు. ఇద్దరు తల్లులూ నా వేళ్లనే చూస్తున్నారు. దొంగ పనులు చేసేవాళ్ల కోసం పెట్టిన ఆ పేజీలో ఒక పేరు కనపడాలని నేను అంతగా దేవుణ్ణి ఎన్నడూ అడగలేదు. నది అవతల కౌంటీ పేజీ తెరిచాను. మెల్లగా దిగింది. గడ్డం పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు తెరిచే ఉన్నాయి.

“ఉన్నాడు. నిన్ననే తీసుకెళ్లారు.”

వాండా గిన్నెలు కడిగే తొట్టి అంచు పట్టుకుంది.

“హమ్మయ్య,” అంది. “ఇక భోంచేద్దాం.”

ఆ శుక్రవారం ఆమె నాతో అన్న మాటే. ఎత్తిపొడుపు కాదది. కొన్నేళ్లుగా ప్రతి పొద్దునా తనకు తాను చెప్పుకుంటున్న మాట నాకూ చెప్పింది. నేను బెంచీ మారాను.

“వాడక్కడుండటం నా వల్లే వాండా,” అంది అమ్మ.

“అవును. నీ వల్లే,” అంది వాండా. కుర్చీ లాగింది. “కూర్చో. తుంటి నొప్పి గదా.”

అమ్మ కూర్చుంది. జైల్లో తెర మీద కూడా ఏడవని మనిషి, ఆ కుర్చీలో కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చింది. వాండా ఓదార్చలేదు. సంచీలోంచి కాయలు తీసి, చుట్టిన పేజీలు బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసింది. వాటి మీదే మొక్కజొన్న పిండి పోసి, కాయలు చక్రాల్లా కోసి పొర్లించింది. అమ్మ నుదురూ జుట్టూ పిండిలో మునిగిపోయాయి. బాణలిలో నూనె చిటపటమంది.

తలుపు దగ్గర నాన్న. టోపీ చేతిలో ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

వాండా అట్లకాడ దించకుండానే ఆయన వైపు చూసింది.

“రా బ్రదర్ డెల్బర్ట్. చెప్పని ప్రార్థన ఏమైనా మిగిలిందా?”

నాన్న టోపీ అంచు చుట్టూ వేళ్లు తిప్పాడు. బల్ల మీద పిండిలో అమ్మ మొహాల వైపు చూశాడు. ఈసారి ఇంకెవరోనని అనలేదు.

“మా ఆవిడ జైలుకెళ్లొచ్చింది,” అన్నాడు. టోపీ రెండో చేతిలోకి మార్చుకుని మిగతాది అన్నాడు. “నా పొగాకు కోసం వెళ్లింది. నేను ఒక్కసారి కూడా చూడటానికి పోలేదు.”

ఎవరూ ఆమెన్ అనలేదు. అమ్మ గౌను అంచుతోనే కళ్లు తుడుచుకుని, పక్కనున్న కుర్చీని కాలితో కాస్త ఇవతలికి జరిపింది. వాండా ఇంకో పళ్లెం తీసింది.